మారయ్య ప్రాణం, అణాకు రెండు గారెలు

కొత్తకోటలో కర్నూలు బస్సు ఆగే చోట, రోడ్డు వారన గడ్డి పందిరి కింద ఈదమ్మ పొయ్యి ఉండేది. దానికి ఎదురుగా ఆంజనేయస్వామి గుడి. పొద్దున గుడిలో గంట మోగడమూ, ఈదమ్మ బాండ్లిలో తొలి వాయి గారెలు చుయ్యిమనడమూ దాదాపు ఒక్కసారే జరిగేవి. గంట కొట్టేటప్పుడు తన మనసు సగం ఆ బాండ్లి మీదే ఉంటుందని పూజారి యాదగిరయ్య దాచుకోకుండా చెప్పేవాడు. స్వామికి కూడా ఆ వాసన ఇష్టమేననీ, లేకపోతే ఇంత పొడుగు రోడ్డు ఉండగా ఆమె పొయ్యి తన ముంగిటనే ఎందుకు పెట్టిస్తాడనీ ఆయన వాదన.

అవి బొబ్బర గారెలు. మినప గారె మెత్తగా, మర్యాదగా ఉంటుంది. వియ్యాలవారికి పెట్టడానికి బాగుంటుంది. బొబ్బర గారెకు అంత మర్యాద తెలియదు. కొరికితే పక్క మనిషికి వినబడాలి. జొన్నచేలల్లో సాళ్ళ మధ్య పండే బొబ్బర్లను నానబోసి, బరకగా రుబ్బి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, అల్లం దంచి కలిపి, మోదుగాకు మీద తట్టి, నడుమ బొటనవేలితో తూటు పొడిచి, ఈదమ్మ పల్లినూనెలోకి జారవిడిచేది. ఆ గారెల కోసం టైరులో గాలి తగ్గిందని నెపం పెట్టి బస్సు ఆపిన డ్రైవర్లున్నారు.

రుబ్బేవాడు ఆమె పెనిమిటి మారయ్య. ఎండిన కందికట్టె లాంటి మనిషి. పెదవి విప్పేది తక్కువ. మగవాడు రోలు దగ్గర కూర్చోవడమేమిటని మొదట్లో ఎగతాళి చేసినవాళ్ళు, గారె తిన్నాక ఆ మాట కూడా దానితోపాటే మింగేశారు. ఈదమ్మ రోజూ మొదటి గారె తీసి స్వామి గడప మీద పెట్టేది, రెండోది మారయ్య చేతిలో పెట్టేది. వాళ్ళిద్దరి మధ్య సరసమంటే అదే.

నయాపైసలు ఇంకా రాని రోజుల్లో ఒక వానకాలం మారయ్యకు చలిజ్వరం పట్టుకుంది. దవాఖాన మందుకు తగ్గలేదు, నాటుమందుకు తగ్గలేదు. మనిషి చాపకు అతుక్కుపోయాడు. ఈదమ్మ గుడి ముందు నిలబడి మొక్కుదామనుకుంది గానీ ఏం మొక్కాలో తోచలేదు. కోడిని మొక్కుదామంటే ఆంజనేయుడు కోడిని ముట్టడు. తలనీలాలు మొక్కుదామంటే మారయ్య తల అప్పటికే నున్నగా ఉంది. వెండి కళ్ళు చేయిస్తానందామంటే ఇంట్లో వెండి లేదు. ఆమెకంటూ ఉన్నది ఆ గారెల బేరం ఒక్కటే. నోటికి ఏది వచ్చిందో అదే మొక్కేసింది.

"సామీ, ఈయన లేచి మళ్ళ రోలు కాడ కూసుంటే, ఈయన పానం ఉన్నన్ని రోజులు అణాకు రెండు గారెలే అమ్ముత. ధర పెంచ."

మారయ్య లేచాడు. లేచి మొదట అడిగింది గంజి కాదు, గారె.

మొక్కు సంగతి ఊరంతా పాకింది. అప్పటి నుంచి మారయ్య ఆరోగ్యం ఊరి ఆస్తి అయిపోయింది. బస్సుల మీదికి సామాను ఎక్కించే హమాలీ భిక్షం పొద్దున్నే వచ్చి, గారెలు అడగకముందే, మామా పానం మంచిగున్నదా అని అడిగేవాడు. ఆ ప్రశ్నలో ప్రేమ ఉన్నమాట నిజం. గారె కూడా ఉంది. మారయ్య దగ్గితే ఎవరో ఒకరు మిరియాల కషాయం తెచ్చేవారు. వానలో తడిస్తే తమ మీది గొంగడి తీసి కప్పేవారు. చింతచెట్టు ఎక్కబోతే బతిమాలి దింపేవారు. ఒకసారి ఆయన కర్నూలులో చెల్లెల్ని చూడబోతే, బస్సు డ్రైవరు తన వెనక సీట్లోనే కూర్చోబెట్టుకుని, గుంత వచ్చిన ప్రతిసారీ తిరిగి చూశాడట.

"నా పెండ్లినాడు గుడ గింతమంది నన్ను చూడలె" అని మారయ్య ఈదమ్మతో అన్నాడు. అందులో కొంచెం గర్వం ఉంది, కొంచెం భయమూ ఉంది. ఊరంతా కాపలా కాస్తుంటే మనిషి తృప్తిగా దగ్గుకోవడానికి కూడా వీలుండదు కదా.

అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. ఈదమ్మ ఆరు పైసలకు రెండు గారెలు ఇచ్చింది. బొబ్బర్ల ధర కొద్దిగా పెరిగింది, ఇచ్చింది. నూనె ధర పెరిగింది, ఇచ్చింది. తరువాత వానలు మొహం చాటేసిన ఆ రెండేళ్ళు వచ్చాయి. అరవై అయిదు, అరవై ఆరు. జొన్నలే దొరకని రోజుల్లో జొన్నచేలో బొబ్బర్లు ఎక్కడివి? అన్నీ పిరమై, ధరలు చెట్టెక్కి కూర్చున్నాయి. పందిరి కింద కూర్చున్నవాళ్ళ నోట వేరే ముచ్చటే లేదు.

రోడ్డుకు అవతల కొత్తగా ఒక హోటలు వెలిసింది. అక్కడ చాయ, బన్ను, బిస్కట్లు, పకోడీలు దొరికేవి. ధరలన్నీ నల్లపలక మీద రాసి గోడకు వేలాడదీసేవారు. వారానికోసారి తుడిచి మళ్ళీ రాసేవారు. ఈ పందిరి కింద కూర్చుని ఆ పలకను చదివి తీర్పు చెప్పేవాడు ముసలి రైతు గాలయ్య. తుడిచి రాసి, తుడిచి రాసి, ఆ సుద్ద ఖర్చు కూడా మన చాయలోనే కలుపుతున్నారని ఆయన అనుమానం. పకోడి అంటే శనగపిండి పేరు చెప్పి ఉల్లిగడ్డ అమ్మడమని ఆయన నిశ్చయం. బన్ను తింటే దవాఖానలో పడుకున్నట్టే ఉంటుందనేవాడు. బిస్కటు మీద మాత్రం ఆయనకు జాలి.

"తింటే తిన్నట్టు గాదు, చాయల పడితే దొరికినట్టు గాదు. గదొక తిండా?" అనేవాడు.

బడిపంతులు రఘుపతి పేపరు చదివే మనిషి. ధరలు ఎందుకు పెరుగుతున్నాయో ఆయన ఓపికగా చెప్పేవాడు. ఒకరోజు, ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించిందని చెప్పాడు.

గాలయ్య ముందుకు జరిగాడు. "తగ్గిస్తే అన్నీ అగ్గువ గావాలె గద సారూ?"

రఘుపతి పేపరు మడిచి, ఇంకో గారె అడిగాడు.

ఇంత పిరం కాలంలోనూ ఈదమ్మ గారెలు ఆరు పైసలకు రెండే. స్వామికి ఇచ్చిన మాట, పెనిమిటి ప్రాణం. రెండూ ఒకే ముడిలో ఉన్నాయి. ముడి విప్పే ధైర్యం ఆమెకు లేదు. కానీ చేతికి చేతి తెలివి ఉంటుంది. డబ్బాలో బొబ్బర్లు తగ్గినకొద్దీ బొటనవేలు దానంతటదే కొంచెం ఎక్కువ తిరగడం మొదలుపెట్టింది. గారె గారె మాదిరే ఉంది, అంచు అంచు మాదిరే ఉంది. నడుమ తూటు మాత్రం నెలనెలా ఎదుగుతోంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆమెకు తెలియనూ తెలియదు.

చివరికి ఒక పొద్దున గాలయ్య గారెను కంటికి దగ్గరగా ఎత్తిపట్టుకున్నాడు.

"ఈదమ్మా, నా కండ్లు మసకబారినయనుకున్న. గిందులకెల్లి చూస్తే కర్నూలు బస్సు బోర్డు సాఫుగ కనబడతాంది."

పందిరంతా నవ్వింది. డ్రైవరు కూడా ఒక గారె ఎత్తిపట్టి చూసి నవ్వాడు. ఈదమ్మ నవ్వలేదు. తన బొటనవేలి వంక చూసుకుంది, తరువాత గుడి వంక చూసింది. ధర పెంచనని మొక్కి, తూటు పెంచినట్టయింది. నోటితో ఇచ్చిన మాట వేలితో దొంగిలించినట్టయింది. ఆ పూటే పిండి ముద్ద పెద్దది చేసి, తూటు మునుపటిలా బొటనవేలి కొస పట్టేంతకు తెచ్చింది. గాలయ్య తన మాటకు తానే నొచ్చుకున్నాడు. తమాషాకు అన్నానన్నాడు. మంచి పని చేసినవు కాకా అని ఈదమ్మ ఆయనకు ఒక గారె ఊరికే ఇచ్చింది. అది ఆమెకు ఇంకొంచెం నష్టం.

ఇక ఆ రోజు నుంచి గారె ఎంత అమ్ముడుపోతే అంత నష్టం. పండుగ రోజైతే మరీ నష్టం. కొన్నాళ్ళకు ఈదమ్మ ఇంట్లో ఇత్తడి బిందె కనబడకుండా పోయి, మట్టికుండ వచ్చింది. ఈదమ్మ ఆ కుండతో నీళ్ళకు వచ్చేటప్పుడు గాలయ్య భార్య చూసి ఇంట్లో చెప్పింది. గాలయ్య భిక్షానికి చెప్పాడు. భిక్షానికి చెబితే బస్సుల మీద వనపర్తి దాకా చెప్పినట్టే.

అందరూ కూడబలుక్కోలేదు గానీ అందరికీ ఒకే ఉపాయం తోచింది. ఆమె దగ్గర తినకపోతే ఆమెకు నష్టం ఉండదు. మరునాటి నుంచి పందిరి కిందికి వచ్చి కూర్చుంటారు, మారయ్య ఆరోగ్యం అడుగుతారు, ముచ్చట చెబుతారు. గారెలు మాత్రం ముట్టరు. ఆకలైతలేదని ఒకరు, పన్ను నొస్తోందని ఒకరు, ఒక్కపొద్దు అని ఒకరు. భిక్షం రోజూ ఒక్కపొద్దే ఉన్నాడు. బస్తాలు మోసే మనిషికి అంత భక్తి ఎక్కడి నుంచి వచ్చిందో పూజారికి కూడా అంతుపట్టలేదు. ఆకలికి ఆగలేక వాళ్ళంతా ఒక్కొక్కరే రోడ్డు దాటి హోటల్లో దూరి, ఈదమ్మకు వీపు పెట్టి కూర్చుని, దుఃఖంగా పకోడీలు తినేవారు.

వీపులను చూసి మనుషులను పోల్చలేని అమాయకురాలు కాదు ఈదమ్మ. గాలయ్య వంగిన వీపు, భిక్షం ఎర్ర తువ్వాల ఆమెకు బాగానే కనబడ్డాయి. తూటు చూసి తనను మోసగత్తె అనుకున్నారని ఆమెకు తోచింది. నాలుగు రోజులు ఓర్చుకుంది. అయిదో రోజు ఒక్క గారె కూడా అమ్ముడుపోలేదు. భిక్షం పెదవులు తుడుచుకుంటూ రోడ్డు దాటి వస్తుంటే ఎదురుపోయి నిలబెట్టింది.

"ఒక్కపొద్దుల పకోడి తినొచ్చునా, భిక్షం?"

భిక్షం నోట్లో నిజం ఎక్కువసేపు నిలవదు. "అత్తా, నీ గారె తింటే నీకే లుక్సాను. బిందె పోయింది. రేపు గుండిగ పోతది. గందుకే తింటలేము. గా పకోడి మాకేమన్న ఇష్టమా? గొంతు దిగుతలేదు. నీ కాళ్ళు మొక్కుత, జర ధర పెంచు."

ఈదమ్మ అక్కడే రోడ్డు పక్కన కూలబడి కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో చూసేవాళ్ళకు తెలియలేదు. ధర పెంచమని బేరగాళ్ళే బతిమాలడం ఆ రోడ్డు మీద అంతకుముందు ఎవరూ విని ఉండరు.

అయినా ఆమె ఒప్పుకోలేదు. రఘుపతి పంతులు తర్కం తెచ్చాడు. మొక్కింది అణా మీద. ఇప్పుడు అణానే లేదు. కాబట్టి మొక్కు కూడా లేదన్నాడు. అణా పోయింది గానీ ఆంజనేయుడు పోలేదు కదా సారూ అంది ఈదమ్మ. భిక్షం ఇంకో దారి చెప్పాడు. గారెలు మానేసి మిర్చీలు వేస్తే మొక్కు అంటదన్నాడు. దేవుడి దగ్గర వకీలు తెలివి చెల్లదని ఆమె కొట్టిపారేసింది. ఇక పొయ్యి ఆర్పేసి, నాట్ల కూలికి పోతానని తేల్చి చెప్పింది. గారెలు అమ్మకపోతే ధర పెంచినట్టూ కాదు, మాట తప్పినట్టూ కాదు.

అప్పటిదాకా పొత్రం పట్టుకుని వింటున్న మారయ్య చేతులు కడుక్కుని లేచాడు.

"మొక్కింది నువ్వయితే ఏమాయె, పానం నాది. శనివారం పోయి నేనడుగుత" అన్నాడు.

ఆ గుడిలో పెద్దల నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. తేల్చుకోలేని సంగతి ఏదైనా ఉంటే స్వామి రెండు భుజాల మీద రెండు పూలు పెట్టి అడగాలి. కుడి పువ్వు ముందు రాలితే స్వామి సరేనన్నట్టు. ఎడమది రాలితే వద్దన్నట్టు. శనివారం పొద్దున గుడి నిండింది. కర్నూలు బస్సు వచ్చి ఆగితే, సంగతి విని అందులోని జనం కూడా దిగి వచ్చారు. యాదగిరయ్య పూలు పెట్టాడు. మొక్కినామె కాబట్టి ముందు ఈదమ్మ కళ్ళు మూసుకుని, పెంచమంటవా వద్దంటవా అని అడిగింది. అందరూ స్వామి భుజాల వంక చూస్తూ నిలబడ్డారు.

పూలు కదల్లేదు.

శనివారం కదా; యాదగిరయ్య తెల్లవారకముందే స్వామికి నూనె కలిపిన సిందూరం దట్టంగా పూసి ఉన్నాడు. పూలు అందులో బంకకు అతుక్కున్నట్టు అతుక్కున్నాయి. ఈ సంగతి ఆయనకు అప్పుడే తోచింది గానీ అంతమందిలో ఎలా చెప్పడం? కొబ్బరికాయలు కొట్టారు. హారతి ఇచ్చారు. పిల్లలు కూర్చున్నారు, తరువాత పెద్దలు కూర్చున్నారు. ఈదమ్మ మొహం పాలిపోసాగింది. అడగరానిది అడిగానని, స్వామికి కోపం వచ్చిందని ఆమెకు భయం. భర్త చెయ్యి పట్టుకుని పోదాం పా అంది.

మారయ్య చెయ్యి విడిపించుకుని గడప దగ్గరికి పోయాడు. జీవితంలో నలుగురి ముందు గొంతెత్తని మనిషి, దేవుడితో పొలం గట్టు మీద మాట్లాడినట్టు మాట్లాడాడు.

"సామీ, గీమె ఆనాడు నా పానానికి ధర గట్టింది. అణాకు రెండు గారెలు. అప్పటి ధర అది, నేను గాదనలె. ఇయ్యాల బొబ్బర్లు పిరం, నూనె పిరం, ఉప్పు గుడ పిరమాయె. నా పానం ఒక్కటే ఇంకా గంత అగ్గువకు ఉంటే, నాకు ఇజ్జత్ గాదు."

మొదట నవ్వింది యాదగిరయ్య. స్వామి ముందు నవ్వకూడదని పైపంచ నోట్లో కుక్కుకున్నాడు, ఫలితం లేకపోయింది. సరిగ్గా అప్పుడే, టైము మించిపోతోందని కర్నూలు డ్రైవరు, జనాన్ని పిలవడానికి హారను మీద చెయ్యి పెట్టి తీయకుండా మోగించాడు. ఆ మోతకు గుడి పళ్ళాలు గలగలమన్నాయి. కుడి భుజం మీది పువ్వు జారి, స్వామి పాదాల దగ్గర పడింది.

జనమంతా ఒక్కసారి చేతులెత్తి మొక్కారు. రఘుపతి పంతులుకు ఆ పువ్వు ఎందుకు పడిందో తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. కళ్ళ నీళ్ళతో మారయ్య భుజం పట్టుకుని నిలబడ్డ ఈదమ్మను చూశాడు. తెరిచిన నోటితో గోవిందా అని, చెప్పులు వెతుక్కుంటూ బయటికి నడిచాడు. ఆ రోజు ఆయన చేసినంత మంచి పని ఏ పాఠమూ చెప్పి చేసి ఉండడు. స్వామి దగ్గర హారను కూడా గంటే.

పది పైసలకు రెండు గారెలు. ఈదమ్మ ఎంతో ఆలోచించి పెట్టిన ధర అది.

మరునాడు పొద్దున పందిరి కిటకిటలాడింది. అన్ని రోజుల ఒక్కపొద్దులూ తీర్చుకోవడానికి వచ్చిన జనం. అందరికంటే ముందు భిక్షం. రెండు గారెలు అందుకుని, కళ్ళు మూసుకుని నమిలి, పది పైసల బిళ్ళ తీసి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

"అత్తా, పెంచుమన్న నిజమే. గింత పెంచుమన్ననా?"

నిన్నటిదాకా కాళ్ళు మొక్కి పెంచమన్నది ఎవరని గాలయ్య అడిగాడు. నిన్న తాను ఈదమ్మ తరఫున మాట్లాడాననీ, ఈ రోజు తన జేబు తరఫున మాట్లాడుతున్నాననీ భిక్షం జవాబు. జనం నవ్వారు. అతను మూలుగుతూ బిళ్ళను ఈదమ్మ చేతిలో పెట్టాడు.

అప్పుడే రోలు దగ్గర మారయ్య తుమ్మాడు.

ఒకే ఒక్క తుమ్ము. ఒంటి తుమ్ము వినబడితే ఊరికి పోయేవాడు కూడా ఆగి, కాళ్ళు కడుక్కుని కాసేపు కూర్చుని పోయే సీమ అది. పెంచిన ధరకు మొదటి బోణీ, దాని మీద మారయ్య తుమ్ము. అందరి నోళ్ళలో గారెలు ఆగిపోయాయి. ఈదమ్మ చేతిలో మోదుగాకు అలాగే నిలిచిపోయింది. బాండ్లిలో నూనె పొగలు కక్కుతోంది. రెండో తుమ్ము వస్తే శుభం. అందరూ దానికోసం మారయ్య ముక్కు వంక చూశారు. పాపం ఆయన తన వంతు ప్రయత్నం చేశాడు. ముక్కు నలిపాడు, తల ఎత్తి సూర్యుణ్ణి చూశాడు. నోరు తెరిచాడు, మళ్ళీ మూసేశాడు. రాలేదు.

ఈదమ్మ మెల్లగా మోదుగాకు కింద పెట్టింది. భిక్షం ఇచ్చిన బిళ్ళను అతని వైపే చాపింది.

"నీ పైసలు నువ్వు తీస్కో బిడ్డా. నాకీ ధర వద్దు. ఆయన ఉంటే చాలు."

భిక్షం ఆ బిళ్ళను చూశాడు. తీసుకోలేదు. మొలలో నుంచి ఒక చిన్న డబ్బీ తీసి, అందులోని నశ్యం చిటికెడు కాదు, గుప్పెడంత అరచేతిలో పోసుకుని, రోలు దగ్గరికి పోయి మారయ్య ముక్కు కింద పెట్టాడు.

"పీల్చు మామా."

మారయ్య పీల్చాడు. రెండో తుమ్ము వచ్చింది. దాని వెనకే మూడోది వచ్చింది. తరువాతవి లెక్కపెట్టడానికి ఎవరికీ వ్యవధి ఇవ్వలేదు. పందిరి కింద జనం ఊపిరి పీల్చుకుని మళ్ళీ నమలడం మొదలుపెట్టారు.

"గీ నశ్యం గుడ పిరమే అత్తా, యాదిల పెట్టుకో" అన్నాడు భిక్షం, ఖాళీ డబ్బీ మూస్తూ.

ఈదమ్మ కళ్ళు తుడుచుకుని, అతని ఆకులో ఇంకో గారె వేసింది. మారయ్య ఇంకా తుమ్ముతూనే ఉన్నాడు. పిండిలో పడకుండా గాలయ్య లేచి ఆయన్ని భుజాలు పట్టి రోడ్డు వైపు తిప్పాడు.